మాస్టర్ వేణు

మాస్టర్ వేణు (1916 – 1981) ప్రసిద్ధ తెలుగు సినీ సంగీత దర్శకులు, బహువాద్య నిపుణులు. వీరి అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. హామండ్ ఆర్గాన్ అనే విద్యుత్ వాద్యాన్ని దక్షిణ భారత సినిమా పాటలో వినిపించిన తొలితరం వారిలో వీరు ముఖ్యులు. రోజులు మారాయి, తోడికోడళ్ళు, మాంగల్యబలం, రాజమకుటం, కలసి ఉంటే కలదు సుఖం, మురళీకృష్ణ వంటి చిత్రాలకు సంగీతం సమకూర్చారు. వీరి బాణీలను నేటికీ పాడుకునేవారు అనేకులు ఉన్నప్పటికీ, వాటి కర్త వీరేనని తెలిసినవారు తక్కువ.

తొలి జీవితం

వేణు 1916లో కృష్ణా జిల్లా మచిలీపట్నం (బందరు)లో జన్మించారు. శాస్త్రీయ సంగీతం అభ్యసించి, అనేక వాద్యాలలో ప్రవేశం సంపాదించారు. హార్మోనియం, పియానో వంటి మెట్ల వాద్యాలపై వీరికి ప్రత్యేకమైన అధికారం ఉండేది. మద్రాసు చేరిన తరువాత వాద్యబృందాలలో వాయిద్యకారునిగా, బృంద నిర్వాహకునిగా పనిచేసి, పిదప స్వతంత్ర సంగీత దర్శకులయ్యారు.

హామండ్ ఆర్గాన్

హామండ్ ఆర్గాన్‌ను అమెరికాకు చెందిన లారెన్స్ హామండ్ రూపొందించగా 1935లో విపణిలోకి వచ్చింది. చర్చిలలో ఖరీదైన గొట్టాల ఆర్గాన్‌కు బదులుగా దీనిని ఉద్దేశించారు. ఇందులో గాలి తిత్తులు ఉండవు. మోటారుతో తిరిగే పళ్ళ చక్రాలు అయస్కాంతాల ఎదుట కదలడం వల్ల పుట్టే విద్యుత్ ప్రకంపనలే స్పీకరు ద్వారా స్వరాలుగా వినిపిస్తాయి. కడ్డీలను ముందుకు, వెనుకకు జరిపి నాదపు రంగును మార్చవచ్చు. కాలితో నొక్కే పలక ద్వారా ధ్వనిని పెంచి తగ్గించవచ్చు. ఒక్క వాయిద్యకారుడే ఒక చిన్న బృందం నింపగలిగినంత నాదాన్ని నింపగలుగుతాడు.

అయితే మన సంగీతానికి దీనితో ఒక చిక్కు ఉంది. మెట్టు నొక్కితే స్వరం స్థిరంగా పలుకుతుంది, గమకం పలకదు. ఈ కారణంగానే ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు హార్మోనియాన్ని నిషేధించింది. అటువంటి కాలంలో వేణు మెట్ల వాద్యాన్నే తన ప్రధాన సాధనంగా ఎంచుకున్నారు. వీరి పాటలలో గమకం, పలుకుబడి గాయకుని గొంతుకే చెందుతాయి. వాద్యం వెనుక నిలిచి పాటకు నిండుదనం ఇస్తుంది.

రోజులు మారాయి

తాపీ చాణక్య దర్శకత్వంలో సారథి సంస్థ నిర్మించిన రోజులు మారాయి (1955) వేణుకు విశేషమైన పేరు తెచ్చింది. కొసరాజు రాఘవయ్య చౌదరి రచించగా జిక్కి పాడిన ఏరువాక పాటకు వహీదా రెహమాన్ నృత్యం చేశారు. జానపద వరుసపై ఆధారపడిన ఈ పాటలో వేణు పల్లె లయను చెడగొట్టలేదు. ఆ బాణీ భాషల ఎల్లలు దాటింది. ఈ చిత్రపు తమిళ రూపం కాలం మారిపోచ్చు (1956)కు కూడా వీరే సంగీతం అందించారు. 1960లో వచ్చిన హిందీ చిత్రం బంబయి కా బాబులో ఎస్.డి.బర్మన్ ఇదే వరుసను ఉపయోగించారు. ఆధునిక విద్యుత్ వాద్యంలో ఆరితేరిన వ్యక్తికి అన్నిటికన్నా పేరు తెచ్చినది పొలం గట్టు పాట కావడం గమనింపదగినది.

అమీర్‌పేటతో సంబంధం

సారథి సంస్థ 1950ల రెండవ సగంలో హైదరాబాదులో, పంజాగుట్ట దాటిన తరువాత వచ్చే అమీర్‌పేటలో స్టూడియో నెలకొల్పింది. తెలుగు చిత్రసీమ అంతా మద్రాసులోనే ఉన్న రోజులవి. 1959లో విడుదలైన మా ఇంటి మహాలక్ష్మి ఇక్కడ రూపొందిన తొలి చిత్రం. ఈ సారథి స్టూడియోలోనే ఎన్.టి.రామారావు, సావిత్రి నటించిన కలసి ఉంటే కలదు సుఖం (1961) తయారైంది. దీనికి సంగీతం వేణుదే. ఇందులోని ముద్దబంతి పూలు పెట్టి పాట ఎంతో ప్రజాదరణ పొందింది. ఈ విధంగా హైదరాబాదులో చిత్ర నిర్మాణం వేళ్ళూనుకొన్న తొలి రోజులతో వేణు పేరు ముడిపడి ఉన్నది.

సంగీత శైలి

సులభంగా పాడుకోదగిన పల్లవి, అతి తక్కువ ఆడంబరం, మాట స్పష్టంగా వినబడే వాద్యగోష్ఠి వీరి శైలికి గుర్తులు. బి.ఎన్.రెడ్డి చిత్రం రాజమకుటం (1960)లో పి.లీల పాడిన, గాలిని సవ్వడి చేయవద్దని వేడుకొనే పాట ఇందుకు చక్కని ఉదాహరణ. దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యానికి తగినట్లు వాద్యాలు కూడా మెల్లగా అడుగులు వేస్తాయి. మాంగల్యబలంలో ఘంటసాల, సుశీల పాడిన వెన్నెల పాట, మురళీకృష్ణలో ఘంటసాల పాడిన త్యాగగీతం ఈ కోవకే చెందుతాయి.

కొన్ని చిత్రాలు

రోజులు మారాయి (1955)
తోడికోడళ్ళు (1957)
మాంగల్యబలం (1959)
రాజమకుటం (1960)
కుంకుమరేఖ (1960)
కలసి ఉంటే కలదు సుఖం (1961)
సిరిసంపదలు (1962)
మురళీకృష్ణ (1964)
ప్రేమించి చూడు (1965)

చివరి రోజులు, ప్రాముఖ్యత

1970లలో సినీ సంగీతపు పోకడలు మారాయి. వేణుకు అవకాశాలు మునుపటివలె రాలేదు. వీరు 1981లో మరణించారు. సినీ నటుడు భానుచందర్ వీరి కుమారుడు.

నేడు ఒక్క వ్యక్తి ఒక చిన్న గదిలో కూర్చొని కీబోర్డు, కంప్యూటరుల సాయంతో పాట మొత్తాన్ని తయారుచేయడం సర్వసాధారణం. ఒక్క వాద్యంతో బృందమంత నాదాన్ని సృష్టించే ఆ ప్రయత్నానికి తెలుగునాట ఆద్యులలో ఒకరిగా వేణును చెప్పుకోవచ్చు. యంత్రం ఎంత కొత్తదైనా పాట మాత్రం మన నేలది కావాలని వీరి కృషి నిరూపించింది.