బక్క ఎద్దును మరువని మాస్టారు



బలమైన ఎద్దునూ బక్కచిక్కిన ఎద్దునూ ఒకే కాడికి కడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. చాలు వంకర పోతుంది, బక్క ఎద్దు మెడ పుండవుతుంది. పొరుగు దేశాలు సుంకాలు తీసివేసుకొని ఒకే మార్కెట్టుగా కలిసినప్పుడూ ఇదే చిక్కు. ఈ చిక్కును విప్పబూనిన వారిలో టాంజానియా నాయకుడు జూలియస్ నైరేరే ఒకరు.

ఆయన 1922లో బుటియామా గ్రామంలో ఒక తెగ పెద్ద ఇంట జన్మించారు. 1943లో జ్ఞానస్నానం పొందారు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చి, పూగూలోని కతోలిక పాఠశాలలో పాఠాలు చెప్పారు. అందుకే ప్రజలు ఆయనను చివరి వరకు మ్వాలిము అని, అంటే మాస్టారు అని పిలిచారు.

కెన్యా, ఉగాండాలతో కలిసి ఒకే సమాఖ్యగా ఏర్పడే పక్షంలో తమ స్వాతంత్ర్యాన్ని కొంత ఆలస్యం చేసుకోవడానికైనా సిద్ధమని 1960లో ఆయన ప్రకటించారు. ఆ సమాఖ్య కుదరలేదు. కాని 1967 జూన్ 6న కంపాలాలో ఈ మూడు దేశాలు తూర్పు ఆఫ్రికా సమాజ ఒప్పందంపై సంతకాలు చేశాయి.

అప్పటికి ఫ్యాక్టరీలు ఎక్కువగా కెన్యాలోనే ఉన్నాయి. లాభమంతా అటే పోతుందని మిగతా ఇద్దరి దిగులు. అందుకు ఒప్పందంలో రెండు ఏర్పాట్లు చేశారు. వెనుకబడిన దేశం తన కొత్త పరిశ్రమను కాపాడుకోవడానికి పొరుగు సరుకుపై కొంతకాలం పన్ను వేయవచ్చు. ఇక అభివృద్ధి బ్యాంకుకు మూలధనం ముగ్గురూ సమానంగా పెట్టాలి; పెట్టుబడులలో మాత్రం టాంజానియాకు, ఉగాండాకు చెరి 38.75 శాతం, కెన్యాకు 22.5 శాతం.

ఇంత చేసినా అది పదేళ్లే నిలిచింది. 1971లో ఉగాండాలో ఇదీ అమీన్ సైనిక బలంతో అధికారం చేజిక్కించుకున్నాడు. అతనితో ఒకే బల్ల వద్ద కూర్చోవడానికి నైరేరే ఒప్పుకోలేదు. ఉమ్మడి రైళ్లు, విమానాల డబ్బు దగ్గర కెన్యాతో తగవు ముదిరింది. 1977లో సమాజం కూలింది. ఐక్యత కోరిన నైరేరే ప్రభుత్వమే కెన్యా సరిహద్దును మూసివేసింది. అది 1983 వరకు తెరుచుకోలేదు. అన్యాయానికి తల వంచకపోవడం గొప్పదే. కాని మాటలు ఆగినప్పుడు ఎంత మంచి లెక్కలైనా అక్కరకు రాలేదు.

1985లో పదవి వదిలిన ఆయన, అంతర్యుద్ధంలో నలిగిన బురుండీలో వైరి వర్గాలను మాటలకు కూర్చోబెట్టే పని 1996 నుండి చేశారు. 1999 అక్టోబరు 14న మరణించారు. నవంబరు 30న అరూషాలో మూడు దేశాలు కొత్త ఒప్పందం చేసుకున్నాయి. 2005లో సుంకాలు తగ్గించేటప్పుడు, కెన్యా సరుకులు కొన్నింటిపై సుంకాన్ని ఐదేళ్లలో మెల్లగా తీసివేసేటట్లు ఏర్పాటు చేశారు. పాత ఆలోచన చావలేదన్నమాట! 2007లో బురుండీ కూడా చేరింది. నేడు సభ్య దేశాలు ఎనిమిది. ముసోమా మేత్రాసనం ప్రారంభించిన పునీత పట్ట విచారణలో నైరేరే దైవసేవకులు.

అన్నదమ్ములు కలిసి వ్యాపారం పెట్టినా, మీ వీధిలో పొదుపు సంఘం నడిపినా ఈ జీవితాన్ని గుర్తుంచుకోండి. వెనుకబడినవానికి ముందు ఊతమివ్వండి. ఆపైన, తగవు వచ్చిన రోజున కూడా మాటలు ఆపకండి.