పింగాణీ శాస్త్రజ్ఞుడు బ్రోన్యార్

పారిస్ నగరమునకు నైరుతి దిశగా, సేన్ నది యొడ్డున సేవ్ర్ అను చిన్న పట్టణము కలదు. పింగాణీ కళతో పరిచయమున్నవారికి ఆ పేరు క్రొత్త కాదు. 1740లో వాన్సెన్ కోటలో ప్రారంభమైన పింగాణీ కర్మాగారము 1756లో అచ్చటికి తరలి వచ్చెను. 1759లో పదునైదవ లూయీ దానిని తన స్వంతము చేసికొనెను. అది మొదలు అచ్చటి పాత్రలు ఫ్రెంచి రాజాస్థాన వైభవమునకు గుర్తులై, పరదేశ ప్రభువులకు కానుకలై ప్రసిద్ధి కెక్కెను. 1788లో టిప్పు సుల్తాను రాయబారులు ఫ్రాన్సునకు వెళ్ళినపుడు వారికిని సేవ్ర్ పింగాణీ బహుమానముగా లభించెను.

మరుసటి యేటనే విప్లవము చెలరేగెను. రాజు పోయెను, రాజుతోపాటు కొనువారును పోయిరి. పనివారి జీతములు బాకీపడెను. రాజభోగమునకై పుట్టిన పరిశ్రమ రాజు లేని దేశములో ఎందులకను ప్రశ్న బయలుదేరెను. నలువదియేడు సంవత్సరముల సేవతో ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు అలెక్సాంద్ర్ బ్రోన్యార్.

ఆయన 1770 ఫిబ్రవరి 5వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి ప్రఖ్యాత వాస్తుశిల్పి. పారిస్ షేరు బజారు భవనమునకు రూపకల్పన చేసినవాడు. కుమారుని దృష్టి మాత్రము కట్టడముల క్రిందనున్న రాళ్ళపైనను మట్టిపైనను నిలిచెను. ఆయన గనుల ఇంజనీరుగా పనిచేసెను, ప్రకృతిశాస్త్రమును బోధించెను, సరీసృపములను వర్గీకరించి పేరు గడించెను. 1800లో రసాయన శాస్త్రజ్ఞుడగు బెర్తొలే సిఫారసుపై ప్రభుత్వము ఆయనను సేవ్ర్ కర్మాగారమునకు అధిపతిగా నియమించెను. అప్పటి కాయన వయస్సు ముప్పది యేండ్లు. సారె త్రిప్పుట గాని కుంచె పట్టుట గాని ఆయన వృత్తి కాదు; మట్టి గుణము, అగ్ని గుణము ఎఱిగిన పండితుడు.

సేవ్ర్‌లో తొలినాళ్ళనుండి తయారైనది మెత్తని పింగాణీ. దానిలో కేయొలిన్ అను తెల్లమట్టి యుండదు. గాజువంటి మిశ్రమమే దాని కాధారము. రంగులు దానిపై లోతుగా, తేటగా పట్టును. కాని బట్టీలో అది తఱచు వంగిపోవును, ఖర్చు అపారము. 1768లో లిమోజ్ ప్రాంతమున కేయొలిన్ బయటపడిన పిదప గట్టి పింగాణీ సాధ్యమైనను, పాత పద్ధతియు వెంట నడుచుచునే యుండెను. బ్రోన్యార్ 1804లో మెత్తని పింగాణీని నిలిపివేసెను. ధనము సమకూర్చుకొనుటకై గిడ్డంగులలోని అలంకరణ లేని పాత తెల్లపాత్రలను అమ్మించెను. కర్మాగారము బ్రతికెను. కాని ఆ తెల్లపాత్రలను కొనిన వర్తకులు వానిపై పాతకాలపు రంగులు, బంగారుపూత వేయించి రాజులనాటి సామగ్రిగా చలామణి చేసిరి. అట్టి పాత్రలు నేటికిని నిపుణులను చిక్కులలో పెట్టుచున్నవి.

నెపోలియన్‌కు పింగాణీ కీర్తిసాధనము. 1806లో ఆయన ఆజ్ఞపై ప్రారంభమైన సేనానుల బల్ల 1812లో ముగిసెను. దాని నడుమ అలెగ్జాండరు ముఖము, చుట్టును పన్నిద్దఱు ప్రాచీన వీరుల ముఖములు. అదే కాలమున ఈజిప్టు కట్టడముల ఆకృతులతో జోసెఫీన్ కొఱకు భోజనసామగ్రి యొకటి తయారయ్యెను. కోరి చేయించుకొనిన ఆమెయే, అది మిక్కిలి గంభీరముగా నున్నదని త్రిప్పి పంపెను. అంతలో చక్రవర్తి పతనమయ్యెను. గద్దె నెక్కిన పదునెనిమిదవ లూయీ ఆ బల్లను 1817లో ఇంగ్లండు యువరాజునకును, ఆ భోజనసామగ్రిని 1818లో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువునకును బహూకరించెను. ఒకరి వైభవమునకై చేసినవి వారి ప్రత్యర్థుల యింట వెలసెను. చేయించిన అధికారి మాత్రము తన స్థానముననే యుండెను. తరువాతి ముగ్గురు రాజుల పాలనలోను ఆయనయే సేవ్ర్‌కు అధిపతి.

ఉద్యోగభారము ఆయన పరిశోధనకు అడ్డు కాలేదు. కువియేతో కలిసి పారిస్ పరిసరముల భూమిపొరలను, వానిలోని శిలాజములను పరిశీలించి 1811లో గ్రంథము ప్రకటించెను. జురాసిక్ అను మాటను భూవిజ్ఞానమున వాడుకలోనికి తెచ్చినవారిలో ఆయన యొకడు. 1822లో ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఖనిజశాస్త్రాచార్యుడయ్యెను.

పూర్వము సేవ్ర్‌లో రంగుల పాళ్ళు, పూతల వివరములు రాజరహస్యములుగా దాచబడెను. బ్రోన్యార్ ఆ తలుపులు తెఱచెను. ఆయన స్థాపించిన మృణ్మయ వస్తుప్రదర్శనశాల 1824లో ప్రారంభమయ్యెను. రాయబారులను, నౌకాధికారులను, యాత్రికులను అర్థించి నానాదేశముల మట్టిపాత్రలను తెప్పించెను. రాజుల పూలకుండీల సరసన పేదల వంటకుండలకును అచ్చట చోటు దొరకెను. వానిని విలువనుబట్టి గాక మట్టినిబట్టి, తయారీనిబట్టి అమర్చెను. తాను నేర్చినదంతయు 1844లో మృణ్మయకళలపై బృహద్గ్రంథముగా వెలువరించెను. రాజు లేని నాడును ఈ పరిశ్రమ దేశమున కెందులకను ప్రశ్నకు ఆ ప్రదర్శనశాల, ఆ గ్రంథములే సమాధానము.

1847 అక్టోబరు 7వ తేదీన ఆయన కన్నుమూసెను. పిమ్మట నాలుగు మాసములకే విప్లవము మరల చెలరేగి లూయీ ఫిలిప్ రాజు సింహాసనమును విడిచి పారిపోయెను. ఫ్రాన్సులో రాజవంశములు అంతరించి చాలకాలమైనది. సేవ్ర్ బట్టీలు మాత్రము నేటికిని వెలుగుచునే యున్నవి.