కలరా విషం గుట్టు విప్పిన శంభునాథ్ డే

కలరా క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో పరిశీలించి నిర్ధారించారు. అది ఏదో విషాన్ని వెలువరిస్తుందని అప్పుడే ఊహించారు. దానికి రుజువు దొరకడానికి 75 ఏళ్లు పట్టింది. చూపినవారు అదే నగరంలో పనిచేసిన వైద్యుడు శంభునాథ్ డే.

1915 ఫిబ్రవరి 1న బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో జన్మించిన డే, కలకత్తా వైద్య కళాశాలలో చదివి 1939లో పట్టా పొందారు. 1949లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ అందుకుని స్వదేశానికి తిరిగివచ్చారు.

అప్పటివరకు చాలామంది పరిశోధకులు జంతువుల రక్తంలోకో, ఉదరకుహరంలోకో క్రిములను ఎక్కించి ఫలితం కోసం చూసేవారు. రోగి శరీరంలోని నీరంతా పేగుల గుండా పోతుంటే రక్తంలో వెతకడమేమిటన్నది డేకు కలిగిన సందేహం. ఆయన కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివర్లా దారంతో బిగించి, మధ్యలోకి క్రిములను ఎక్కించారు. మరునాటికి ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. ఈ పద్ధతిని 1953లో ప్రకటించారు. తర్వాత, క్రిములను పెంచిన ద్రవాన్ని వడగట్టి, ఒక్క క్రిమి కూడా లేని ద్రవాన్నే ఎక్కించారు. పేగు మళ్లీ ఉబ్బింది! అంటే నీటిని లాగేది క్రిమి కాదు, అది విడిచిన విషం. 1959లో 'నేచర్' పత్రిక దీనిని ప్రచురించింది. ఖరీదైన పరికరమేదీ అవసరం లేని ప్రయోగమిది.

స్వదేశంలో ఆయనకు దక్కిన గుర్తింపు మాత్రం స్వల్పం. దేశంలోని ఏ ప్రధాన విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు. 1973లో పదవీ విరమణ చేశారు. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆహ్వానం అందింది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆ పురస్కారానికి ఆయన పేరును ప్రతిపాదించినా ఫలించలేదు. 1985 ఏప్రిల్ 15న డే కన్నుమూశారు.

ఆ విషం పనితీరు క్రమంగా తేటతెల్లమైంది. అందులోని ఐదు 'బి' భాగాలు పేగు కణాన్ని పట్టుకుంటాయి. ఒక్క 'ఏ' భాగం లోపలికి చేరి కణంలోని లవణాలను, వాటి వెంట నీటిని బయటకు పారిస్తుంది. ఈ రెండింటినీ తయారుచేయించేవి సీటీఎక్స్‌ఏ, సీటీఎక్స్‌బీ అనే జన్యువులు. ఆ జన్యువులు నిజానికి ఒక వైరస్‌వని 1996లో వాల్డర్, మెకలానోస్ వెల్లడించారు. బ్యాక్టీరియాకు సోకే ఆ వైరస్ తన జన్యువులను దానిలో చేర్చి, హాని చేయని క్రిమిని సైతం విషం తయారుచేసేదిగా మార్చగలదు.