నక్షత్రములకు లేఖ వ్రాసిన కార్ల్ సేగన్

మన బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో నిట్టూరు అను గ్రామము కలదు. ఆ గ్రామము చెంతనున్న బండపై రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము అశోక చక్రవర్తి చెక్కించిన శాసనము నేటికిని నిలిచియున్నది. సమీపముననే ఉడేగోళమునందును అట్టిదే మరియొకటి కలదు. చక్రవర్తి యేమి చెప్పదలచెనో ఆ కాలపు జనులకు తెలిసియుండును. కాని కాలక్రమమున ఆ లిపిని చదువగలవారు లేకపోయిరి. వేయి సంవత్సరములకు పైగా అట్టి బండల ప్రక్కనే పశువులను మేపుకొనినవారికి అవి రాతిమీది గీతలు మాత్రమే. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అను ఆంగ్లేయోద్యోగి, సాంచీ స్తూపము కడ నున్న చిన్న చిన్న శాసనములు పెక్కు ఒకే మాటతో ముగియుచుండుట గమనించి, అవి దాతలు చెక్కించినవి గనుక ఆ మాట దానము అయియుండునని ఊహించెను. ఆ యొక్క మాటయే తాళపుచెవి యయ్యెను. బ్రాహ్మీలిపి మరల మానవులకు లభించెను.

నిట్టూరు బండను చూచినప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచుచుండును. మన భాష యెరుగనివానికి, మన లిపి యెరుగనివానికి, మనలను ఎన్నడును చూడనివానికి మనము వార్త పంపవలెనన్న ఎట్లు పంపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన శాస్త్రజ్ఞులలో మిక్కిలి ప్రసిద్ధుడు కార్ల్ సేగన్. ఆయన చరిత్రను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును చెప్పదలచుటకు వేరొక కారణము కూడ కలదు. దానిని చివర విన్నవింతుము.

కార్ల్ సేగన్ 1934వ సంవత్సరము నవంబరు 9వ తేదీన అమెరికా దేశమునందలి న్యూయార్కు నగరములో, బ్రూక్లిన్ అను పేటలో జన్మించెను. తండ్రి శామ్యూల్ నేటి యుక్రెయిన్ దేశపు ప్రాంతమునుండి బాల్యముననే వలసవచ్చినవాడు. బట్టల కర్మాగారమున పనిచేసి కుటుంబమును పోషించెను. తల్లి పేరు రేచల్. వారు ధనవంతులు కారు, శాస్త్రజ్ఞులును కారు. అయినను కుమారుడు అడుగు ప్రశ్నలను ఎన్నడును విసుగుకొనలేదు.

1939లో న్యూయార్కునందు గొప్ప ప్రపంచ ప్రదర్శనము జరిగెను. అయిదేండ్లైనను నిండని కార్ల్‌ను తల్లిదండ్రులు అచటికి తీసికొనిపోయిరి. అయిదువేల సంవత్సరముల తరువాతి మనుష్యులు తెరచి చూచుటకై నాటి వస్తువులను, వ్రాతలను ఒక లోహపేటికలో నుంచి భూమిలో పాతిపెట్టిన వింత ఆ బాలుని మనస్సును హత్తుకొనెను. మరికొంత కాలమునకు, నక్షత్రములనగా నేమి యను సందేహము కలిగి, గ్రంథాలయమునకు పోయి నక్షత్రములను గూర్చిన పుస్తక మడిగెను. అచటివారు మొదట సినిమా తారల బొమ్మలుగల పుస్తక మిచ్చిరట! పిదప సరియైన పుస్తకము దొరకెను. నక్షత్రములును సూర్యులే యనియు, మిక్కిలి దూరమున నుండుటచే చుక్కలవలె కనబడుచున్నవనియు అందు చదివి బాలుడు ఆశ్చర్యమగ్నుడయ్యెను.

ఆయన షికాగో విశ్వవిద్యాలయమున చదివి 1960లో డాక్టరు పట్టమును పొందెను. శుక్రగ్రహపు దట్టమైన వాతావరణము వేడిని బంధించి ఉంచుటచే ఆ గ్రహతలము కొలిమివలె మండుచుండునని వాదించిన వారిలో ఆయన ముఖ్యుడు. తరువాత అచటికి పోయిన నౌకలు ఆ మాటను రుజువు చేసినవి. కొంతకాలము హార్వర్డు విశ్వవిద్యాలయమున బోధించెను గాని, అచట ఆయనకు స్థిరమైన పదవి లభింపలేదు. 1968లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు పోయి జీవితాంతము అచటనే పనిచేసెను.

ఇతర లోకములందు బుద్ధిజీవులున్నచో వారితో మాటలాడుట ఎట్లను విచారము ఆ కాలమున కొందరిని ఆకర్షించుచుండెను. హాలండు దేశమునందలి గణితజ్ఞుడు హాన్స్ ఫ్రాయిడెంతాల్ 1960లో లింకోస్ అను కృత్రిమ భాషను ప్రకటించెను. అది అంకెలతో ఆరంభమగును. రేడియోలో మూడు చిన్న ధ్వనులు, పిమ్మట ఒక గుర్తు, పిమ్మట రెండు ధ్వనులు. మరల అయిదు ధ్వనులు, అదే గుర్తు, నాలుగు ధ్వనులు. ఇట్లు పలుమారులు విన్నవాడు ఆ గుర్తునకు పెద్దది అను అర్థమని తానే గ్రహించును. మన పల్లెలలో శిశువునకు మాటలు నేర్పునపుడు మనము నిఘంటువు చూపుదుమా? వస్తువును చూపి, మాటను పలికి, మరల మరల చేయుదుము. లింకోస్ యొక్క సూత్రమును అదియే.

1972 మార్చిలో అమెరికావారు పయనీర్ 10 అను నౌకను గురుగ్రహమునకు పంపిరి. అది తుదకు సూర్యకుటుంబమును విడిచిపోవునని తెలిసి, దానిపై ఒక సందేశము నుంచవలెనని నిశ్చయించిరి. ఆ పని సేగన్‌కును, ఆయన మిత్రుడు ఫ్రాంక్ డ్రేక్‌కును అప్పగింపబడెను. వ్యవధి మూడు వారములు మాత్రమే. సుమారు తొమ్మిదంగుళముల పొడవు, ఆరంగుళముల వెడల్పు గల బంగారుపూత రేకుపై బొమ్మలు చెక్కింపబడెను. వానిని చిత్రించినది సేగన్ భార్య లిండా.

ఆ రేకుపై ఒక్క మాటయైనను లేదు. అడుగు, మీటరు అను కొలతలు మనము కల్పించుకొనినవి. పరలోకవాసికి అవి తెలియవు. కాని ఉదజని విశ్వమంతటను గలదు. అది వెలువరించు రేడియో తరంగము పొడవు 21 సెంటీమీటర్లు. ఆ పొడవునే కొలకఱ్ఱగా గ్రహించిరి. స్త్రీ బొమ్మ ప్రక్కన ఎనిమిది అను సంఖ్య నుంచిరి. ఎనిమిది ఇరువదియొకటులు 168. అనగా ఆమె యెత్తు 168 సెంటీమీటర్లు. మన సూర్యుని స్థానమును చూపుటకు, గడియారమువలె తప్పక స్పందించు పల్సరులను 14 నక్షత్రముల దూరములను, కాలములను గీతలతో గుర్తించిరి. పురుషుడు చేయెత్తి నిలిచియుండెను.

విమర్శలును తక్కువ కాలేదు. నౌక పోవు మార్గమును చూపుటకు వారు బాణము గుర్తును గీసిరి. కళాచరిత్రకారుడు గోంబ్రిచ్ దానిని ఆక్షేపించెను. విల్లమ్ములతో వేటాడిన జాతికి గదా బాణము దిక్కును తెలుపును! విల్లును ఎరుగనివారికి అదియొక గీత మాత్రమే. ఎత్తిన చేయి స్నేహమో, బెదిరింపో వారికెట్లు తెలియును? ఈ ఆక్షేపణ న్యాయమైనదని మా అభిప్రాయము. మనకు సహజమని తోచునది పరులకు సహజము కాకపోవచ్చును. ఇది నక్షత్రలోకములకే గాదు, మన ఇరుగుపొరుగు వీధులకును వర్తించును.

1974 నవంబరు 16న డ్రేక్, సేగన్ ప్రభృతుల సహాయముతో, అరెసిబో రేడియో దూరదర్శినినుండి ఒక వార్త పంపెను. అందు 1679 సంకేతములు. విద్యార్థులారా, ఆ సంఖ్యను కారణాంకములుగా విడదీసి చూడుడు. 23ను 73చే గుణించిన తప్ప అది వేరొక విధముగా రాదు. రెండును ప్రధాన సంఖ్యలే. కావున గణితము తెలిసినవాడు ఆ సంకేతములను 73 వరుసలుగా, వరుసకు 23 చొప్పున పేర్చి చూచును. అప్పుడు అంకెలు, మనుష్యుని ఆకారము, సూర్యకుటుంబము బొమ్మలుగా కనబడును. తాళపుచెవి ఉత్తరములోనే కలదు. ఆ వార్త చేరవలసిన నక్షత్రగుచ్ఛము సుమారు 25,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నది.

1977లో వాయేజర్ నౌకలు రెండు బయలుదేరినవి. ఈ మారు సేగన్ అధ్యక్షతన ఒక సంఘమేర్పడి, బంగారుపూత పూసిన రాగి గ్రామఫోను రికార్డును సిద్ధపరచెను. ఆన్ డ్రూయన్, తిమోతీ ఫెరిస్, జాన్ లోంబర్గ్ మొదలగువారు ఆయనకు తోడ్పడిరి. అందు నూటికి పైగా చిత్రములు, వర్షము, పక్షికూతలు, శిశువు ఏడుపు వంటి ధ్వనులు, సుమారు తొంబది నిమిషముల సంగీతము కలవు. మన దేశపు కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగము అందొకటి. రికార్డును వాయించు విధము పై మూతమీద బొమ్మలతో గీయబడెను.

అందే ఏబదియైదు భాషలలో పలుకరింపులు కలవు. పెక్కింటిని కార్నెల్ విశ్వవిద్యాలయముననే, ఆయా భాషలు మాతృభాషలుగా గలవారిచే పలికించిరి. ఏమి చెప్పవలెనో వారికి నేర్పలేదు. క్లుప్తముగా పలుకరింపుడని మాత్రమే కోరిరి. ఇక మేము చివర చెప్పుదుమన్న సంగతి యిదియే. ఆ ఏబదియైదింటిలో మన తెలుగు కలదు. నమస్కరించి, తెలుగు మాటలాడు జనుల శుభాకాంక్షలను తెలుపు చిన్న పలుకరింపు అది. అదే రికార్డులో కన్నడమును కలదు. హిందీ, వంగ, మరాఠీ, గుజరాతీ, ఉర్దూ మొదలగునవియు కలవు. ఆరేండ్ల బాలుడైన సేగన్ కుమారుడు నిక్ ఆంగ్లమున పలుకరించెను.

1980లో కాస్మోస్ అను పదుమూడు భాగముల టెలివిజన్ కార్యక్రమముచే సేగన్ ఖగోళశాస్త్రమును సామాన్యుల ఇండ్లకు చేర్చెను. దానిలో కొంత భాగము మన దేశముననే చిత్రింపబడెను. 1990 ఫిబ్రవరి 14న, ఆయన పట్టుదలచే, వాయేజర్ 1 వెనుకకు తిరిగి సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి భూమిని ఛాయాచిత్రము తీసెను. అందు మన భూమి ధూళికణమంత చుక్క. తరువాత ఆయన రక్తసంబంధమైన వ్యాధిచే బాధపడెను. సోదరి తన యెముకలలోని మూలుగ నిచ్చి ఆదుకొనెను. అయినను 1996 డిసెంబరు 20న, అరువదిరెండవ యేట, ఆయన సియాటిల్ నగరమున కన్నుమూసెను.

వాయేజర్ 1 మాత్రము ఆగలేదు. 2012లో సూర్యవాయువు పరిధిని దాటి నక్షత్రముల నడిమి ప్రదేశమున ప్రవేశించెను. నేడు అది 2400 కోట్ల కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. మరియొక నక్షత్రమునకు కొంత చేరువగా పోవుటకు సుమారు నలుబదివేల సంవత్సరములు పట్టును. ఆ రికార్డును ఎవరైన కనుగొందురా? కనుగొనుట దుర్లభమని సేగన్‌కును తెలియును. అయినను శ్రద్ధగా తయారుచేసెను. వినువాడు దొరకునను నిశ్చయము లేకున్నను స్పష్టముగా, స్నేహముగా మాటలాడుట మనుష్యధర్మమని ఆయన నమ్మెనని మేము తలచుచున్నాము.

కొంతకాలము క్రిందట ఒక తండ్రి మా యొద్దకు వచ్చి, ఈ సీమలో బజారున కన్నడము, కచేరీలో కన్నడము, పై చదువులలో ఆంగ్లము. ఇక పిల్లవానికి తెలుగెందులకయ్యా యని అడిగెను. ఆయన బాధ నిజమైనది. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చినవారము; వచ్చిన క్రొత్తలో కన్నడమున చీటీ వ్రాయలేక మేమును ఇబ్బంది పడితిమి. ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసమే ఆయనకు మా సమాధానము. కన్నడమును చక్కగా నేర్పుడు. అది మన యింటి ముంగిట భాష. బళ్లారి రాఘవ రెండు భాషలలోను నటించి ఉభయులచేతను మెప్పు పొందెను గదా! కాని తెలుగును విడువకుడు. ఇంటి భాషలో స్పష్టముగా ఆలోచింప నేర్చినవాడు ఇతరులకు తెలియునట్లు చెప్పగలడు.

మొన్న ఎనిమిదవ తరగతి విద్యార్థులను, ఏ మాటయు తెలియనివానికి ఉత్తరము వ్రాయుడని కోరితిమి. ఒక బాలిక రెండు గులకరాళ్లను, మూడు గులకరాళ్లను, ప్రక్కన అయిదింటిని గీసి, క్రింద బావి కడ నీళ్లు పోయుచున్న తల్లిని చిత్రించెను. లింకోస్ పేరు ఆమె అప్పటికి వినియుండలేదు. ఆ కాగితమును తరగతి గోడకు అంటించితిమి. తల్లిదండ్రులు వచ్చి చూడగోరెదము.