వికలాంగుల ఆప్తబంధువు – లుడ్విగ్ గుట్మన్

లోకమునకు వెలుగునిచ్చు సూర్యభగవానుని రథమును నడుపువాడు అనూరుడని మన పురాణములు చెప్పుచున్నవి. అనూరుడనగా తొడలు లేనివాడని అర్థము. నడువలేనివాని చేతికి అంతటి రథపు పగ్గములను అప్పగించుటలో గొప్ప భావమున్నది. ఒక అవయవము లోపించినంత మాత్రమున మానవుడు పనికిరానివాడు కాడు. ఈ సత్యమును పురాణములలో చదివి మెచ్చుకొనుట సులభము. ఆసుపత్రి మంచముపై కదలలేక పడియున్న మనుష్యుని యెడల దానిని ఆచరించి చూపుట కష్టము. అట్లు ఆచరించి చూపిన మహావైద్యుడు సర్ లుడ్విగ్ గుట్మన్. నాలుగేండ్లకొకమారు ప్రపంచపు నలుమూలల నుండి వికలాంగ క్రీడాకారులు వచ్చి పాల్గొనుచున్న పారాలింపిక్ క్రీడలకు బీజము నాటినది ఆయనయే.

గుట్మన్ 1899వ సంవత్సరము జూలై 3వ తేదీన టోస్ట్ అను చిన్న పట్టణమున ఒక యూదుల కుటుంబములో జన్మించెను. అప్పుడా పట్టణము జర్మనీ దేశపు సైలీషియా ప్రాంతములో నుండెను. నేడది పోలండు దేశములో నున్నది. ఆయన బాల్యము కొనిగ్స్‌హ్యూట్టె అను ఊరిలో గడచెను. అది బొగ్గుగనుల ప్రాంతము. గనులలో ప్రమాదములు తరచుగా జరుగుచుండుట వలన, గాయపడిన వారి కొఱకు అచ్చట ప్రత్యేకముగా నొక ఆసుపత్రి యుండెను. మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచున్న దినములలో, 1917లో, గుట్మన్ ఆ ఆసుపత్రిలో స్వచ్ఛందసేవకుడుగా చేరెను. అప్పటికాయన వయస్సు పదునెనిమిదేండ్లు.

ఒకనాడు గనిలో వెన్నెముక విరిగిన ఒక యువకుని అచ్చటికి తీసికొనివచ్చిరి. అతడు దృఢకాయుడు. కాని నడుము దిగువ భాగమంతయు చచ్చుబడియుండెను. గుట్మన్ శ్రద్ధగా అతని వివరములు వ్రాసికొనబోగా, అంత శ్రమ అనవసరమనియు, ఆ రోగి కొన్ని వారములకంటె ఎక్కువ బ్రతుకడనియు పెద్దలు చెప్పిరి. వారు చెప్పినట్లే అయిదు వారములలో ఆ యువకుడు మరణించెను. ఎవ్వరును ఆశ్చర్యపడలేదు. అట్టి రోగులు మరణించుట సహజమని వైద్యులందఱును నమ్ముచుండిరి. గుట్మన్ మాత్రము ఆ యువకుని ముఖమును జీవితాంతము మఱువలేకపోయెను.

వెన్నెముక లోపల వెన్నుపాము అను నరముల త్రాడు కలదు. మెదడు పంపు ఆజ్ఞలు దాని ద్వారముననే అవయవములకు చేరుచుండును. అవయవముల స్పర్శజ్ఞానమును దాని ద్వారముననే మెదడునకు చేరుచుండును. అది తెగినచో, ఆ చోటికి దిగువనున్న శరీరమునకు చలనముండదు, స్పర్శయు నుండదు. నొప్పి తెలియనందున రోగి ఒకే ప్రక్కన గంటల తరబడి పడియుండును. ఒత్తిడి వలన చర్మము చివికి పుండ్లు పడును. మూత్రాశయము స్వాధీనము తప్పుటచే అందులో చీము చేరును. ఆ విషము రక్తమున వ్యాపించి ప్రాణము తీయును. అనగా రోగులను చంపుచున్నది వెన్ను విరుగుట కాదు. ఆ పిమ్మట కలుగు ఉపద్రవములే. వీనిని నివారింపవచ్చునని నమ్మినవారు ఆ కాలమున అరుదు.

గుట్మన్ 1918లో బ్రెస్లా నగరమున వైద్యవిద్య ప్రారంభించి, తరువాత ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయమున చదివి, 1924లో పట్టము పొందెను. పిదప బ్రెస్లాలో ఓట్‌ఫ్రిడ్ ఫర్‌స్టర్ అను సుప్రసిద్ధ నాడీవైద్యుని యొద్ద పనిచేసి, అనతికాలముననే మంచి పేరు సంపాదించెను. కాని 1933లో నాజీలు అధికారమునకు వచ్చిరి. యూదులను ప్రభుత్వోద్యోగముల నుండియు, ఆసుపత్రుల నుండియు తొలగించిరి. గుట్మన్ తన స్థానమును కోల్పోయి, ఆ నగరమందలి యూదుల ఆసుపత్రిలో చేరెను. 1937 నాటికి ఆ ఆసుపత్రికి ప్రధాన వైద్యాధికారి యయ్యెను.

1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీ అంతట యూదుల ప్రార్థనామందిరములు తగులబెట్టబడెను. అంగళ్లు ధ్వంసమయ్యెను. వేలకొలది పురుషులను పట్టి నిర్బంధ శిబిరములకు తరలించిరి. ఆ రాత్రి ఆసుపత్రి వాకిట నిలిచిన ఏ పురుషునైనను కారణమడుగక చేర్చుకొనవలసినదని గుట్మన్ తన సిబ్బందికి ఆజ్ఞాపించెను. తెల్లవారునప్పటికి అరువదినలుగురు చేరియుండిరి. మఱునాడు నాజీ పోలీసులు వచ్చి, ఒక్క రాత్రిలో ఇంతమంది రోగులెట్లు వచ్చిరని నిలదీసిరి. గుట్మన్ వారిని మంచము మంచము కడకు తీసికొనిపోయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యాధి పేరు చెప్పుచు, ఎవ్వరును కదలింపదగినవారు కారని వాదించెను. ఆ మాటలలో ఏ ఒక్కటి తప్పని తేలినను ఆయన ప్రాణమునకే ముప్పు. అయినను ఆయన తొణకలేదు. ఆ అరువదినలుగురిలో అరువదిమంది నాడు పట్టువడకుండ తప్పించుకొనగలిగిరి.

ఇక ఆ దేశమున నిలుచుట అసాధ్యమయ్యెను. పోర్చుగల్ దేశపు పాలకుడు సలజారు మిత్రునికి చికిత్స చేయుటకై గుట్మన్‌ను లిస్బన్ పంపవలసివచ్చి, నాజీ ప్రభుత్వము ఆయనకు ప్రయాణానుమతి నిచ్చెను. తిరిగి వచ్చునప్పుడు ఆయన లండనులో ఆగెను. నిరాశ్రయులైన విద్వాంసులకు తోడ్పడు ఒక సంఘము ఆయనకు ఇంగ్లండులో నివసించుటకు ఏర్పాట్లు చేసెను. 1939 మార్చి నెలలో ఆయన భార్యతోను, కుమారునితోను, కుమార్తెతోను ఆక్స్‌ఫర్డు చేరెను. నలుబదేండ్ల వయస్సు సమీపించుచుండగా, పరాయి దేశమున, పరాయి భాషతో, జీవితమును మొదటి నుండి ఆరంభింపవలసి వచ్చెను. కొన్ని సంవత్సరములు పరిశోధనలో గడచెను గాని, రోగులకు స్వయముగా చికిత్స చేయు అవకాశము లేదని ఆయన మనస్సు పరితపించుచుండెను.

ఆ అవకాశము రెండవ ప్రపంచ యుద్ధము వలన కలిగెను. ఐరోపా తీరమున సేనలు దిగినచో వెన్ను విరిగిన సైనికులు అనేకులు వత్తురని బ్రిటిష్ ప్రభుత్వము తలచెను. వారికొఱకు ఎయిల్స్‌బరీ సమీపమున నున్న స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఒక ప్రత్యేక చికిత్సాకేంద్రమును తెఱచి గుట్మన్‌కు అప్పగించిరి. తన పద్ధతిలో ఇతరులు జోక్యము చేసికొనరాదను నియమముపై ఆయన అంగీకరించెను. ఆశ లేని రోగులకొఱకు జీవితము వ్యర్థపఱచుకొనుచున్నాడని తోటి వైద్యులు కొందఱు జాలిపడిరి.

రోగులు ప్లాస్టరు కట్టులలో బిగింపబడి, కట్టుల క్రింద పుండ్లతో, మత్తుమందుల మగతలో వచ్చుచుండిరి. గుట్మన్ ఆ కట్టులను తీయించెను. ప్రతి రోగిని పగలనక రేయనక రెండు గంటలకొకమారు ఒక ప్రక్క నుండి మఱియొక ప్రక్కకు త్రిప్పవలెనని నియమించెను. మూత్రాశయపు శుభ్రతను తానే పర్యవేక్షించెను. నడిరాత్రి ముందు తెలుపకుండ వచ్చి, తన ఆజ్ఞ నెరవేరుచున్నదా లేదా యని పరిశీలించుచుండెను. ఆయన కోపిష్ఠి, అలసత్వమును సహింపడు. నర్సులును రోగులును ఆయనకు భయపడుచుండిరి. అయినను ఆ కాఠిన్యము వెనుక నున్న ప్రేమను గుర్తించి, రోగులాయనను నాన్న అను అర్థమున పొప్పా యని ముద్దుగా పిలుచుకొనుచుండిరి.

క్రమముగా పుండ్లు మానెను, జ్వరములు తగ్గెను, మరణింతురనుకొన్న వారు లేచి కూర్చుండిరి. అప్పుడు గుట్మన్‌కు అంతకంటె గొప్ప చిక్కు ఎదురయ్యెను. ప్రాణము నిలిచినది గాని, ఆ ప్రాణము దేనికొఱకు? ఇరువది యేండ్ల యువకుడు జీవితాంతము ఒక మూల కూర్చుండి, పరుల దయపై బ్రతుకవలసినదేనా? అట్టి బ్రతుకు వలదని రోగులే నిరాశపడుచుండిరి. కావున ఆయన ఆసుపత్రిలోనే వడ్రంగము, గడియారముల మరమ్మతు మున్నగు పనులను నేర్పించు ఏర్పాటు చేసెను. పని నేర్చినవాడు పన్ను కట్టు పౌరుడు కావలెననునది ఆయన ఆశయము.

క్రీడల ఆరంభము చిత్రముగా జరిగెను. ఒకనాడు గుట్మన్, ఆసుపత్రిలోని వ్యాయామ శిక్షకుడు, చెరియొక చక్రాల కుర్చీలో కూర్చుండి, చేతికఱ్ఱలను తలక్రిందుగా పట్టుకొని, ఒక కొయ్యబిళ్లను ఇటునటు కొట్టి చూచిరి. గుఱ్ఱములపై నుండి ఆడు పోలో ఆట ఈ విధముగా చక్రాల కుర్చీలపైకి దిగెను. రోగులు ఉత్సాహముతో ఆడసాగిరి. ఆ ఆట మోటుదై గాయములు కలుగుచుండుటచే దానిని మాని, బంతిని బుట్టలో వేయు ఆటను ప్రవేశపెట్టిరి. తరువాత విలువిద్య వచ్చెను. విల్లు లాగుటకు కావలసినది భుజబలము, గురి, మనోనిగ్రహము. కుర్చీలో కూర్చున్నవాడు నిలుచున్నవానితో సమానముగా పోటీపడగల విద్య అది. ఆట వలన భుజములు బలపడెను. అంతకంటె ముఖ్యముగా, కోల్పోయిన ఆత్మగౌరవము తిరిగి లభించెను.

1948 జూలై 29వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యెను. సరిగా ఆ దినముననే స్టోక్ మాండవిల్ ఆసుపత్రి పచ్చికపై గుట్మన్ ఒక విలువిద్య పోటీ నడిపించెను. పాల్గొన్నవారు మాజీ సైనికులు పదునారుగురు. అందులో ఇద్దఱు స్త్రీలు. స్టోక్ మాండవిల్ జట్టును రిచ్మండు లోని స్టార్ అండ్ గార్టర్ ఆశ్రమ జట్టు ఓడించెను. గుట్మన్ చిన్నబోలేదు. ఈ పోటీ ఒకనాడు ఒలింపిక్ క్రీడలకు దీటు కాగలదని ఆయన ఆశించెను. విన్నవారిలో పలువురు దానిని పగటికలగా తలచిరి.

1952లో హాలండు నుండి ఒక జట్టు రాగా పోటీలు అంతర్జాతీయములయ్యెను. 1956లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము వానిని ఫియర్న్‌లీ బహుమానముతో గౌరవించెను. 1960లో రోము నగరమున ఒలింపిక్ క్రీడలు ముగిసిన కొద్ది దినములకే, ఇరువదిమూడు దేశముల నుండి సుమారు నాలుగువందలమంది చక్రాల కుర్చీలలో ఆ నగరమునకు వచ్చిరి. విలువిద్య, ఈత, కత్తిసాము, టేబుల్ టెన్నిసు మున్నగు పోటీలు జరిగెను. వారికిచ్చిన విడుదులు ఎత్తైన స్తంభములపై కట్టినవగుటచే, సైనికులు వారిని కుర్చీలతో సహా మెట్లపైకి మోయవలసివచ్చెను. లోకము వారికొఱకు ఇంకను సిద్ధపడలేదు. అయినను వారు వెనుదిరుగలేదు. అక్కడ విలువిద్యలో బ్రిటనుకు తొలి స్వర్ణపతకము సంపాదించిన మార్గరెట్ మౌన్, అంతకు ముందటి సంవత్సరము ప్రమాదములో వెన్ను విరిగి స్టోక్ మాండవిల్‌లో చికిత్స పొందిన యువతి. తాను గెలిచినట్లు తెలియక ఆమె బస్సులో కూర్చుండియుండగా, వెదకి పిలిచికొనిపోయి పతకమిచ్చిరి.

రోము క్రీడలనే నేడు మొదటి పారాలింపిక్స్‌గా లెక్కించుచున్నారు. 1964లో టోకియోలోను, 1968లో టెల్ అవీవ్‌లోను, 1972లో హైడెల్‌బర్గ్‌లోను ఈ క్రీడలు జరిగెను. హైడెల్‌బర్గ్‌లో మన దేశపు సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 50 మీటర్ల ఈతపోటీలో స్వర్ణపతకము గెలిచెను. ఆయన మహారాష్ట్రుడు; సికింద్రాబాదులోని సైనిక కేంద్రమున ముష్టియుద్ధము నేర్చినవాడు; 1965 యుద్ధమున తుపాకిగుండ్ల దెబ్బలు తిని చక్రాల కుర్చీకి పరిమితుడైనవాడు. పారాలింపిక్స్‌లో భారతదేశమునకు లభించిన మొదటి స్వర్ణము అదియే. ఎక్కడో సైలీషియాలో ఒక గనికార్మికుని మరణమును చూచి ఒక బాలుడు పడిన వేదన, ఈ విధముగా మన సైనికుని మెడలో పతకమై మెఱసినది.

బ్రిటిష్ ప్రభుత్వము 1966లో గుట్మన్‌కు సర్ బిరుదమునిచ్చెను. 1976లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. ఆ సంవత్సరమే టొరంటో నగరమున జరిగిన క్రీడలలో అంధులును, అంగచ్ఛేదము పొందినవారును మొదటిసారిగా పాల్గొనిరి. ఉద్యోగ విరమణ చేసినను ఆయన విశ్రాంతి నెఱుగడు. 1980 మార్చి 18వ తేదీన, ఎనుబదియవయేట, ఆయన కన్నుమూసెను.

ఆయన కోరిక ఆయన అనంతరము సంపూర్ణముగా నెరవేరెను. 1988లో సియోల్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిన రంగస్థలములలోనే పారాలింపిక్ క్రీడలును జరిగెను. 2012లో అవి లండనుకు వచ్చినప్పుడు 164 దేశముల నుండి నాలుగువేలమందికి పైగా క్రీడాకారులు పాల్గొనిరి. గుట్మన్ కుమార్తె ఎవా, వారి విడిదికి పురాధ్యక్షురాలై అందఱిని ఆహ్వానించెను. ప్రారంభోత్సవమున జ్యోతిని వెలిగించినది ఎవరు? ఏబదిరెండేండ్లకు పూర్వము రోములో బస్సులో కూర్చుండి తన గెలుపు నెఱుగని ఆ మార్గరెట్ మౌన్! అప్పటికామె వృద్ధురాలు. కుర్చీలో నుండియే చేయిచాచి ఆమె వెలిగించిన జ్యోతిని ఎనుబదివేల జనము హర్షధ్వానములతో తిలకించెను.

బాలబాలికలారా! వెన్ను విరిగిన రోగి రెండు మూడేండ్లైనను బ్రతుకుట అరుదని తలచిన కాలముండెను. రోగి వివరములు వ్రాసికొనుట కూడ వృథా యని పెద్దలు చెప్పినప్పుడు, గుట్మన్ ఆ మాటను తలయూచి విని ఊరకుండినచో, మార్గరెట్ మౌన్ వంటి వారెందఱో పేరైనను మిగులక అంతరించియుందురు. మీ పాఠశాలలో, మీ వీధిలో, నడువలేని బాలుడో బాలికయో ఉండవచ్చును. వారిని చూచి జాలిపడి తొలగిపోకుడు. ఆటకు పిలువుడు. వారికి వీలగునట్లు ఆట నియమములను కొంచెము మార్చుకొనుడు. గుట్మన్ చేసినదియు మొదట ఇంత చిన్న పనియే.