నాన్న గదిలోని లేత్ మిషన్



తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయో అమ్మాయో ఒక సాయంత్రం వచ్చి, పాత లేత్ మిషన్ ఒకటి కొని కార్ షెడ్డులో పెట్టుకుందాం, వీలైతే పక్కనే చిన్న మిల్లింగ్ మిషన్ కూడా అని అడిగితే మీరేమంటారు? చాలా ఇళ్లలో ముందు నవ్వొస్తుంది. తర్వాత ట్యూషన్ టైమ్ గుర్తొస్తుంది. ఆ తర్వాత ఖర్చు, కరెంటు, చేతులకు దెబ్బలు, పొరుగువాళ్ల గొడవ వరుసగా గుర్తొస్తాయి. అవన్నీ నిజమైన ఇబ్బందులే. ఏ సమాధానమైనా చెప్పే ముందు ఈ నెల మేం పరిచయం చేస్తున్న మనిషి బాల్యం గురించి కాస్త చదవండి. ఆయన పేరు జేమ్స్ నాస్మిత్. స్టీమ్ హ్యామర్, అంటే ఆవిరితో నడిచే పెద్ద సుత్తిని కనిపెట్టినవాడిగా లోకానికి తెలుసు. మనం మాత్రం ఆ సుత్తి కంటే ముందు జరిగిన సంగతుల దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

నాస్మిత్ 1808 ఆగస్టు 19న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ నాస్మిత్ ఇంజినీరు కాదు, చిత్రకారుడు. కవి రాబర్ట్ బర్న్స్ బొమ్మ అనగానే ఇప్పటికీ అందరికీ గుర్తొచ్చేది ఆయన గీసిన చిత్రమే. రాజకీయాల్లో తన అభిప్రాయాలు దాచుకోకపోవడంతో ఆయనకు ధనవంతుల బొమ్మలు గీసే పని తగ్గిపోయింది. ప్రకృతి దృశ్యాలు గీస్తూ, పాఠాలు చెబుతూ పెద్ద సంసారాన్ని నడిపాడు. అంత బాధ్యత ఉన్నా ఆ ఇంట్లో ఒక గది మాత్రం పనిముట్లకే కేటాయించారు. అందులో కాలితో తొక్కే లేత్ ఒకటి ఉండేది. తండ్రి తీరిక దొరికితే అక్కడే వంతెనల నమూనాలు, చిన్న చిన్న యంత్రాలు చేసేవాడు. పిల్లవాడు ఆ గదిలోనే తండ్రి పక్కన నిలబడి పెరిగాడు.

లేత్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుంటే చెయ్యి ఆనించి ఆకారం తెస్తారు కదా. లేత్ మీద చెక్క గానీ లోహం గానీ అడ్డంగా తిరుగుతుంటే పదునైన టూల్ ఆనించి చెక్కుతారు. గుండ్రంగా ఉండాల్సినవి, షాఫ్టులు, బుష్‌లు, మరలు దాని మీదే తయారవుతాయి. మిల్లింగ్ మిషన్‌లో దీనికి తిరగేసి జరుగుతుంది. పళ్లున్న కట్టర్ తిరుగుతూ ఉంటుంది, బిగించిన వస్తువు దాని కిందికి జరుగుతుంది. చదునైన ముఖాలు, గాళ్లు, పళ్లచక్రాలు దాని పని.

బడి విషయంలో జేమ్స్‌ది అంత మంచి అనుభవం కాదు. ఎడిన్‌బరో హైస్కూల్‌లో ఒకే మాస్టారి దగ్గర దాదాపు 200 మంది పిల్లలు, లాటిన్ బట్టీ, తప్పితే దెబ్బలు. అతను చేసిన ఉపాయం చూస్తే నవ్వొస్తుంది. ఇంట్లో లేత్ మీద బొంగరాలు తిప్పి స్నేహితులకు పంచేవాడు. అరిగిపోయిన ఆకురాళ్లతో చెకుముకి కొట్టే ఉక్కు ముక్కలు చేసి క్లాస్ లీడర్లకు ఇచ్చేవాడు. వాళ్లు పాఠం అప్పజెప్పించుకునే దగ్గర కాస్త చూసీచూడనట్టు వదిలేసేవారు. ఈ ఉపాయం మన పిల్లలకు నేర్పమని చెప్పడం లేదు! కానీ పన్నెండేళ్లు నిండని పిల్లవాడు అరిగిన ఆకురాయిని కాల్చి, వంచి, మళ్లీ గట్టిపరిచి ఇంకో వస్తువుగా మార్చాడంటే, ఉక్కు గుణం ఏమిటో అతనికి పుస్తకం కంటే ముందే చేతికి తెలిసిందన్నమాట.

1820లో హైస్కూల్ వదిలేశాడు. చదువు మాత్రం వదల్లేదు. మరుసటి ఏడాది పనివాళ్ల కోసం మొదలైన ఎడిన్‌బరో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చేరి రసాయనం, లెక్కలు, యంత్రశాస్త్రం నేర్చుకున్నాడు. స్నేహితుడి తండ్రికి ఇనుప పోతల కర్మాగారం ఉండేది. సెలవు దొరికితే అక్కడే. ఇంట్లో తన పడకగదిలోనే ఇత్తడి కరిగించే పొయ్యి పెట్టుకున్నాడు. అచ్చుకోసం ఇసుకను దిమ్మిస కొట్టే చప్పుడు కింద గదిలో పడుకున్న తండ్రికి వినపడకుండా నేలమీద మందంగా తివాచీ మడతపెట్టి పరిచేవాడు. ఈ కాలంలో ఏ తల్లీ తండ్రీ దీనికి ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పడకగదిలో కరిగిన లోహం అంటే ప్రాణాలతో చెలగాటం.

పదిహేడేళ్లకు సొంతంగా నడిచే చిన్న ఆవిరి యంత్రం చేశాడు. దాని పనేమిటో తెలుసా? తండ్రి బొమ్మలకు వాడే నూనె రంగులు నూరడం. తర్వాత ఆవిరి యంత్రాన్ని నిలువుగా కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపే నమూనాలు చేసి, ఒక్కోటి 10 పౌండ్లకు పాఠాలు చెప్పేవారికి అమ్మాడు. ఆ డబ్బుతోనే యూనివర్సిటీ క్లాసుల ఫీజు కట్టుకున్నాడు. 1827–28లో ఎనిమిది మందిని మోసే ఆవిరి బండిని తయారుచేసి ఎడిన్‌బరో దగ్గర రోడ్ల మీద నడిపాడు.

1829లో తండ్రి అతన్ని ఓడలో లండన్‌కు తీసుకెళ్లాడు. ఆ రోజుల్లో యంత్రాల పని నేర్చుకోవాలంటే హెన్రీ మాడ్స్‌లీ కర్మాగారాన్ని మించింది లేదు. మరను కచ్చితంగా కోసే లేత్‌కు రూపం ఇచ్చిన మహానుభావుడాయన. కానీ ఫీజు కట్టించుకుని కుర్రాళ్లను చేర్చుకోవడం ఆయన మానేశాడు. డబ్బు కట్టాం కదా అని పని చెయ్యని కుర్రాళ్లతో విసిగిపోయాడు. ఆ ఫీజు కట్టే స్తోమత నాస్మిత్‌లకూ లేదు. జేమ్స్ తన ఆవిరి యంత్రం నమూనా, తాను గీసిన డ్రాయింగులు తీసుకెళ్లి చూపించాడు. మాడ్స్‌లీ వాటిని తిప్పి తిప్పి చూసి, అతన్ని తన సొంత వర్క్‌షాపులో సహాయకుడిగా పెట్టుకున్నాడు. జీతం వారానికి 10 షిల్లింగులు. ఇంటి నుంచి డబ్బు అడగకూడదని జేమ్స్ పట్టుబట్టాడు. చిన్న దీపం మంట మీద నెమ్మదిగా ఉడికే ఒక పాత్రను తానే తయారుచేసుకుని, పొద్దున వెలిగించి పనికి వెళ్తే సాయంత్రానికి వంట సిద్ధంగా ఉండేది.

మిల్లింగ్ కథ అక్కడే మొదలైంది. 200 హార్స్‌పవర్ ఓడ ఇంజిన్ నమూనా చేస్తున్నారు. దానికి ఎన్నో చిన్న చిన్న నట్లు కావాలి, ఆరు ముఖాలూ సమానంగా ఉండాలి. ఆకురాయితో రాస్తూ కూర్చుంటే రోజులు పడుతుంది, ఏ రెండూ ఒకేలా రావు. జేమ్స్ ఒక చిన్న యంత్రం కట్టాడు. గుండ్రని కట్టర్ తిరుగుతుంది, నట్టు దాని పక్కనుంచి జరుగుతుంది. ఒక ముఖం అయ్యాక, ఆరు భాగాలుగా గుర్తించిన పళ్లెం సాయంతో నట్టును కచ్చితంగా ఆరో వంతు తిప్పి మళ్లీ జరపాలి. ఈరోజు మిల్లింగ్ మిషన్ మీద ఇండెక్సింగ్ అని పిలిచే పని ఇదే.

1831 ఫిబ్రవరిలో మాడ్స్‌లీ చనిపోయాడు. కొన్ని నెలలకు జేమ్స్ ఎడిన్‌బరో తిరిగొచ్చేశాడు. వచ్చేముందు కర్మాగారం భాగస్వామి జాషువా ఫీల్డ్ అనుమతితో, అక్కడి మంచి లేత్ ఒకదాని పోత భాగాలు తెచ్చుకున్నాడు. పూర్తయిన మిషన్ కాదు, గరుకుగా ఉన్న ఇనుప భాగాలు మాత్రమే. ఇంటికి దగ్గర్లో 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డు తీసుకుని, తన పాత ఫుట్ లేత్‌తో పని మొదలుపెట్టాడు. ముందు తెచ్చుకున్న భాగాలతో ఆ లేత్‌ను పూర్తి చేశాడు. దాంతో ఒక ప్లేనింగ్ మిషన్ చేశాడు. ఆ రెండింటితో మిగతా యంత్రాలు వచ్చాయి. తల్లి మిషన్ ఎంత తిన్నగా ఉంటే పిల్ల మిషన్ అంత తిన్నగా వస్తుంది. ఈ సూత్రం ఈరోజుకీ మారలేదు.

అందుకే, మీరు నిజంగా ఒక పాత లేత్ చూడ్డానికి వెళ్తే, కొత్త రంగు చూసి మురిసిపోకండి, బెడ్ చూడండి. పని ఎక్కువగా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే అరుగుతుంది. శాడిల్‌ను చక్ దగ్గర కాస్త బిగించి, వెనక టెయిల్‌స్టాక్ వైపు జరిపి చూడండి. అక్కడికి వెళ్లేసరికి బిగుసుకుపోతే బెడ్ అరిగిందని అర్థం. క్రాస్ స్లైడ్ హ్యాండిల్‌ను ముందుకీ వెనక్కీ తిప్పండి. స్లైడ్ కదలకుండా హ్యాండిల్ ఎంత ఖాళీగా తిరుగుతుందో గమనించండి. కొద్దిగా ఉండటం మామూలే, పావు చుట్టు ఉంటే ఆలోచించాలి. స్పిండిల్‌లో పొడవాటి రాడ్ బిగించి పైకి ఎత్తితే ఊగకూడదు. మరలు కోసే పళ్లచక్రాల సెట్టు మొత్తం ఉందో లేదో లెక్కపెట్టుకోండి. మోటారు త్రీ ఫేజా, సింగిల్ ఫేజా అడగండి. షెడ్లలో నడిచినవి ఎక్కువగా త్రీ ఫేజ్, మన ఇళ్లలో ఎక్కువగా సింగిల్ ఫేజ్. మార్చాలంటే అదో ఖర్చు. నాలుగైదు అడుగుల లేత్ కూడా వందల కిలోలు ఉంటుంది, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకు ఆశపడొద్దు. మిల్లింగ్ మిషన్ వెంటనే అక్కర్లేదు. లేత్ క్రాస్ స్లైడ్ మీద బిగించే వర్టికల్ స్లైడ్‌తో చిన్న మిల్లింగ్ పనులు నేర్చుకోవచ్చు. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో తెలిసిన టర్నర్ ఉంటే, ఆయన్ను వెంట తీసుకెళ్లండి.

ఇంకో సంగతి కచ్చితంగా పాటించాలి. కళ్లద్దాలు లేకుండా, వదులు చొక్కా చేతులతో, చున్నీతో, విరబోసిన జుట్టుతో, చేతి గ్లౌజులతో తిరిగే లేత్ దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. చక్ తాళం చక్‌లోనే వదిలి స్విచ్ వెయ్యకూడదు. పిల్లలు ఒంటరిగా నడపకూడదు. పెద్దవాళ్లకు పక్కన నిలబడే తీరిక లేకపోతే మిషన్ కొనకపోవడమే మంచిది.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1834లో చేతిలో 63 పౌండ్లతో, తాను చేసుకున్న యంత్రాలతో మాంచెస్టర్‌లో అద్దె వర్క్‌షాపు పెట్టాడు. కింద అంతస్తులో గాజు సామాను కోసేవాళ్లుండేవారు. ఒకరోజు ఇంజిన్ దూలం నేల పగలగొట్టుకుని ఆ గాజుల మధ్యలోకి దిగింది. దాంతో ఊరి బయట పాట్రిక్రాఫ్ట్‌లో, కాలువకూ రైలు మార్గానికీ ఆనుకుని సొంత కర్మాగారం కట్టాడు. 1839 నవంబరు 24న, ఒక ఓడకు 30 అంగుళాల మందం షాఫ్టు కావాలని ఉత్తరం వస్తే, నోటు పుస్తకంలో స్టీమ్ హ్యామర్ బొమ్మ గీశాడు. ఆ ఓడకు అది అవసరపడలేదు, కానీ ఫ్రాన్స్‌లోని క్రూజోవాళ్లు ఆ బొమ్మ చూసి వెళ్లి తామే చేసేశారు. 1842లో అక్కడికి వెళ్లినప్పుడు తన సుత్తి పనిచేస్తుండటం చూసి, తిరిగొచ్చి వెంటనే పేటెంటు తీసుకున్నాడు.

నాకు వ్యక్తిగతంగా ఆయన పనుల్లో 1838 నాటి మరొకటి ఎక్కువ నచ్చుతుంది. కరిగిన ఇనుము పోసే పెద్ద గరిటెను కమ్మీలతో వంచేటప్పుడు కాస్త జారినా పనివాళ్లు కాలిపోయేవారు. ఆయన దానికి పళ్లచక్రం అమర్చి, ఒక్క మనిషి నెమ్మదిగా తిప్పి పోసేలా చేశాడు. దానికి పేటెంటు తీసుకోలేదు. అదే మనిషి కార్మిక సంఘాలంటే మాత్రం గిట్టనివాడు. నైపుణ్యం ఉన్న పనివాళ్ల బదులు తనంతట తాను నడిచే యంత్రాలు పెట్టాడు, సమ్మె చేసినవాళ్ల చోటుకు కొత్తవాళ్లను తెచ్చుకున్నాడు. ఆ రెండు పనులూ ఒకే మనిషివి.

1856లో, 48 ఏళ్లకే, కర్మాగారం వదిలేసి కెంట్ ప్రాంతంలో ఇల్లు కొనుక్కున్నాడు. తన చేతులతో చేసిన టెలిస్కోపుతో రాత్రుళ్లు చంద్రుణ్ణి చూసేవాడు. చూసిన పర్వతాలను, గుంటలను ప్లాస్టర్‌తో నమూనాలుగా పోసి, ఎండ ఏటవాలుగా పడేలా పెట్టి ఫొటోలు తీశాడు. 1874లో జేమ్స్ కార్పెంటర్‌తో కలిసి ప్రచురించిన చంద్రుడి పుస్తకంలోని బొమ్మలు ఆ ఫొటోలే. 1890 మే 7న లండన్‌లో కన్నుమూశాడు. చంద్రుడి మీద ఒక గుంటకు ఇప్పుడు ఆయన పేరుంది.