డచ్చి కంపెనీ తనిఖీదారుడు హెండ్రిక్ వాన్ రీడ్

సూరతు నగరమున కతర్‌గామ్ దర్వాజా సమీపమునందు డచ్చివారి పాత శ్మశానవాటిక కలదు. అందులో ఎనిమిది పలకల కట్టడముపై పెద్ద గుమ్మటముతో నిలిచియున్న సమాధిని చూచినవారికి అది ఏ నవాబుదో యని తోచును. అది నిజమునకు ఒక కంపెనీ ఉద్యోగి సమాధి. కొద్ది దూరమున 1669లో మరణించిన ఆంగ్లేయుడు జార్జి ఆక్సెండెన్ సమాధి యున్నది. దానిని మించవలెనని డచ్చివారు దీనిని కట్టిరని చెప్పుకొందురు. ఇందు నిద్రించువాని తుదియుద్యోగమో, తోటి ఉద్యోగుల దుబారాను, దొంగ వ్యాపారమును వెదకి పట్టుకొనుట!

హెండ్రిక్ ఆడ్రియాన్ వాన్ రీడ్ 1636లో హాలండు దేశపు ప్రభువంశమున జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, చిన్న వయస్సుననే ఇల్లు విడిచి, 1656లో డచ్చి ఈస్టిండియా కంపెనీలో సైనికుడుగా చేరెను. 1663లో కొచ్చిని పోర్చుగీసువారినుండి డచ్చివారి చేతికి వచ్చిన యుద్ధమున ఆయన యుండెను. 1670 మొదలు 1677 వరకు మలబారునకు కమాండరుగా పనిచేసెను.

ఆ కాలముననే హార్టస్ మలబారికస్ అను మహాగ్రంథమునకు పూనుకొనెను. మలబారు చెట్టు చేమలను గూర్చిన ఆ గ్రంథము 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డామున పండ్రెండు సంపుటములుగా అచ్చయ్యెను. ఇట్టి అచ్యుతన్ అను ఈళవ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అను కొంకణి బ్రాహ్మణులు మూలికల గుణములను చెప్పగా, కొచ్చినిలోని ప్రొటెస్టెంటు బోధకుడైన యోహానెస్ కసేరియస్ తొలి భాగములకు లాటిను వ్రాత సమకూర్చెను. ఆ దేశీయ పండితుల పేర్లను, వారి సాక్ష్యపత్రములను వాన్ రీడ్ మొదటి సంపుటముననే అచ్చొత్తించెను. ఇతరుల విద్యను తనదిగా చెప్పుకొనుట సులభమైన ఆ దినములలో ఇది గమనింపదగిన సంగతి.

ఇక ఆయన జీవితమున మిక్కిలి కఠినమైన భాగము. కంపెనీ తన ఉద్యోగులకిచ్చు జీతము స్వల్పము. వారి చేతులమీదుగా నడచు సరుకు అపారము. తూర్పు వ్యాపారము కంపెనీ గుత్తసొత్తు. అయినను ఉద్యోగులు కంపెనీ ఓడలలోనే తమ సొంత మూటలు దాచి పంపుచుండిరి. బంగాళమునుండి నల్లమందు రహస్యముగా పోవుచుండెను. పై అధికారియే పాలు పుచ్చుకొనుచుండగా క్రిందివానిని పట్టువారెవరు? ఈ దోపిడిని అరికట్టుటకై పాలకమండలి 1684లో వాన్ రీడును కమిషనరు జనరలుగా నియమించి పంపెను. విచారణ చేయుటకును, ఉద్యోగులను తొలగించుటకును ఆయనకు అధికార మీయబడెను.

1685లో గుడ్‌హోప్ అగ్రమున దిగెను. అచ్చట కంపెనీ బానిసల పిల్లలకు బడి పెట్టవలెననియు, ఐరోపా తండ్రులకు పుట్టిన బానిసలలో డచ్చి భాష నేర్చి క్రైస్తవ మతమును ఒప్పుకొన్న పురుషులను 25వ యేట, స్త్రీలను 22వ యేట విడుదల చేయవలెననియు ఆజ్ఞాపించెను. బానిసత్వము తగునా యని మాత్రము ఆయన అడుగలేదు. మన కోరమండల తీరమునుండియు మనుష్యులు ఆ కంపెనీ ఓడలలోనే అమ్మకమునకు పోయిరి. దొంగ మూటల లెక్క చూచిన కన్నులకు ఈ లెక్క ఆనలేదు. చదువరులారా, గొప్పవారి చరిత్ర వ్రాయునపుడు దీనిని దాచుట న్యాయము కాదు.

అచ్చటి లోయ యొకటి 1687లో ఆయన పేర డ్రాకెన్‌స్టైన్ అని పిలువబడెను. మరుసటి యేట ఫ్రాన్సున హింసలు పడలేక వచ్చిన ప్రొటెస్టెంటు కుటుంబములకు అందు భూములు దొరకెను.

పిమ్మట బంగాళమును, కోరమండలమును విచారించెను. మచిలీపట్నము, పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్నములలో డచ్చివారి కొఠీలుండిన కాలమది. నర్సాపురపు వలందర రేవు పేరు నేటికిని వారిని జ్ఞప్తికి తెచ్చును. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమై దేశము కల్లోలముగా నుండెను. మన నేతగాండ్ర బట్టలే ఆ కొఠీలకు ప్రాణము. కంపెనీ కోరమండల ముఖ్యస్థానమును పులికాటునుండి నాగపట్టణమునకు మార్చించినవాడు వాన్ రీడే. 1690లో ఆ మార్పు జరిగెను. అటుపై యాఫ్నాలో దేశీయులను ప్రొటెస్టెంటు ఉపదేశకులుగా తయారు చేయుటకు ఒక సెమినరీని స్థాపించెను.

ఇట్టివానికి స్నేహితులు తక్కువ, శత్రువులు మెండు. సూరతు కొఠీని విచారించుటకై 1691 నవంబరులో కొచ్చిని విడిచి ఓడ యెక్కెను. డిసెంబరు 15న బొంబాయి సమీపమున సముద్రముమీదనే మరణించెను. విషము పెట్టిరను వదంతి పుట్టెను. అది ఋజువు కాలేదు. విచారింపబడవలసిన సూరతు కొఠీవారే 1692 జనవరిలో ఆయనను ఘనముగా పాతిపెట్టిరి.

ఆయన వివాహమాడలేదు, ఫ్రాన్సినా అను బాలికను పెంచుకొనెను. తొలగింపబడినవారి స్థానమున వచ్చిన క్రొత్తవారు పాత దారినే పట్టిరి. లంచము, సొంత వ్యాపారము కంపెనీని విడువలేదు. యుద్ధములును అప్పులును తోడుకాగా 1799తో కంపెనీ అంతరించెను. 1824 నాటి ఒడంబడిక ప్రకారము సూరతు, పాలకొల్లు, భీమునిపట్నము మొదలగు డచ్చి స్థావరములు 1825లో ఆంగ్లేయుల వశమయ్యెను.